పదమూడేళ్ళ ఎదురుచూపు, ఒక దరఖాస్తు

(మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో, ముళబాగిలులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో నా పని జమాఖర్చులు చదవడం వరకే. ఎంత వసూలైంది, ఎంత పంచాం, బ్యాంకులో ఎంత మిగిలింది అని చెప్పి కూర్చునేవాణ్ణి. ఈసారి కార్యదర్శిగారు "మీరు పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. ఏ విషయం అని అడిగితే "మీ ఇష్టం" అన్నారు. నేను వీడియో గేము గురించి మాట్లాడతానంటే ఆయన కాసేపు నా మొహం చూసి, "సరే కానివ్వండి" అన్నారు. మీలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. పోయిన ఏడు నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించే ఈ మాటలు.

పోయిన ఏడు మన ఎంపిక కమిటీ ముందుకు ఒక దరఖాస్తు వచ్చింది. ఈ తాలూకా అబ్బాయే. తండ్రి వడ్డహళ్ళి టమాటా మండీలో క్రేట్లు ఎత్తే పని చేస్తాడు. అబ్బాయి పీయూసీ మంచి మార్కులతో పాసయ్యాడు. "ఏం చదవాలనుకుంటున్నావు?" అన్న గడిలో "గేములు తయారుచేసే చదువు" అని రాశాడు. కమిటీలో నలుగురం ఉన్నాం. "ఆటలాడుకోవడానికి కూడా స్కాలర్‌షిప్పా?" అని అన్నవాణ్ణి నేనే. అందరూ నవ్వారు. కాగితం పక్కన పెట్టేశాం. ఇంజనీరింగ్, నర్సింగ్, బీకాం, డిప్లొమా వాళ్ళకు ఇచ్చాం. తప్పేం లేదు, వాళ్ళూ అర్హులే. కానీ ఆ అబ్బాయిని పిలిచి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు బ్యాంకు కౌంటరులో కూర్చున్నవాణ్ణి, చదవకుండా కాగితం పక్కన పెట్టడం తప్పని నాకు తెలియకపోలేదు.

తర్వాత దీపావళి దాటాక మా మనవడు, అంటే మా అమ్మాయి కొడుకు, బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. ఎస్సెస్సెల్సీ చదువుతున్నాడు, ఏమైనా జరిగిందేమోనని నాకు గుండె ఝల్లుమంది. "తాతా, జీటీఏ ఆరు మళ్ళీ వాయిదా పడింది" అన్నాడు. వాడి లెక్క ప్రకారం అది 2026 మే 26న రావాలి. పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఎండాకాలం సెలవులుంటాయి. దాన్ని నవంబరు 19కి జరిపారు. అప్పటికి వాడు ఫస్ట్ పీయూసీలో సగంలో ఉంటాడు. అదీ వాడి బాధ. "ఒరే, ఆ ఆటల పెట్టె మీద పదిహేడేళ్ళు దాటినవాళ్ళకే అని ఉంటుందంట కదరా, నీకెన్నేళ్ళు?" అన్నాను. ఫోన్ వాళ్ళమ్మకిచ్చేశాడు.

వాయిదా అన్న మాట వింటే బ్యాంకువాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ఎందుకు వాయిదా, ఎన్నిసార్లు, ఎవరికి నష్టం అని ఆరా తీస్తాం. ఆ అలవాటుతోనే నేను ఈ సంగతిలో దిగాను.

తెలియని పెద్దవాళ్ళ కోసం చెబుతాను. గ్రాండ్ థెఫ్ట్ ఆటో అని ఒక ఆట. పిల్లలు జీటీఏ అంటారు. మొదటిది 1997లో వచ్చింది, స్కాట్లండులోని డండీ ఊళ్ళో ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. ఇప్పుడు చేసేది రాక్‌స్టార్ గేమ్స్ అనే సంస్థ, దాని యజమాని అమెరికాలోని టేక్ టూ అనే కంపెనీ. అయిదవ ఆట 2013 సెప్టెంబరు 17న వచ్చింది. మొదటి రోజే 80 కోట్ల డాలర్లు, మూడు రోజుల్లో 100 కోట్ల డాలర్లు అమ్మకం. ఇప్పటికి 20 కోట్ల కాపీలకు పైగా పోయాయి. ఆ తర్వాత ఆరవది ఇంకా రాలేదు. తయారు చేస్తున్నామని 2022 ఫిబ్రవరిలో చెప్పారు. 2023 డిసెంబరులో మొదటి ట్రైలరు వచ్చింది. ఒక్క రోజులో యూట్యూబులో 9 కోట్ల సార్లకు పైగా చూశారు. 2025లో విడుదల అన్నారు. ఆ సంవత్సరం మే నెలలో 2026 మే 26 అన్నారు. నవంబరు వచ్చేసరికి 2026 నవంబరు 19 అన్నారు.

మనకూ ఎదురుచూపులు కొత్త కాదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఇరవై ఒక్క నెలలు దేశమంతా అడిగింది. మన పక్కనున్న బంగారు గనుల పేరుతో వచ్చిన కేజీఎఫ్ సినిమాకు రెండో భాగం రావడానికి 2018 డిసెంబరు నుంచి 2022 ఏప్రిల్ దాకా పట్టింది, మధ్యలో కరోనా కూడా వచ్చింది. ఈ ఆటకు మాత్రం అయిదో భాగానికీ ఆరో భాగానికీ నడుమ, వాళ్ళు చెప్పిన తేదీ ప్రకారం చూసినా, పదమూడేళ్ళ రెండు నెలలు. 2013లో ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఇప్పుడు డిగ్రీలో ఉంటాడు.

ఇక్కడ ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. టేక్ టూ కంపెనీ లెక్కల సంవత్సరం మన బ్యాంకుల మాదిరే మార్చి 31తో ముగుస్తుంది. 2025లో రావాల్సిన ఆట 2026 మేకు జరిగితే ఆ అమ్మకం ఒక సంవత్సరం ఖాతాలోంచి ఇంకో సంవత్సరం ఖాతాలోకి పోయింది. మే నుంచి నవంబరుకు జరిగితే అదే సంవత్సరం ఖాతాలో ఉండిపోయింది. అయినా రెండుసార్లూ షేరు ధర పడింది. ఇన్నేళ్ళుగా ఇచ్చిన జీతాలన్నీ ఒకేసారి ఖర్చుగా రాయరు. ఆట అభివృద్ధి వ్యయం అని ఆస్తిపట్టీలో ఒక పద్దు కింద పెట్టుకుంటూ పోతారు, ఆట అమ్ముడయ్యాక కొంచెం కొంచెంగా ఖర్చులోకి తీస్తారు. కట్టడం పూర్తికాని ఇంటి మీద మనం రాసుకునే లెక్క లాంటిదే. ఈ ఆటకు అన్ని వేల కోట్లయింది ఇన్ని వేల కోట్లయింది అని తిరిగే అంకెల్ని నమ్మకండి. అవన్నీ ఊహలు. కంపెనీ ఈ ఒక్క ఆట ఖర్చు ఇంత అని ప్రకటించలేదు.

మరి ఎందుకు ఆలస్యం? ఆటకు ఇంకా మెరుగు పెట్టాలి అన్నది వాళ్ళు చెప్పిన కారణం. మెరుగు అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. మా మనవణ్ణే అడిగాను. వాడు ఇంటికి వచ్చినప్పుడు ట్రైలరు పెట్టి ఆపి ఆపి చూపించాడు. అమెరికాలోని ఫ్లోరిడాను పోలిన లియోనిడా అనే కల్పిత రాష్ట్రం, మయామీని పోలిన వైస్ సిటీ. వీధులు, కార్లు, సముద్రం ఒడ్డున జనం. ఒక మనిషి చేతిలో సీసా ఉంటే ఆ సీసాలో నీళ్ళు ఊగుతున్నాయి. "ఈ సీసా ఎవరో ఒకరు చేసిందే తాతా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆ దరఖాస్తు గుర్తుకొచ్చింది.

కురుడుమలె ఇక్కడికి దగ్గరే. గణపతికి దండం పెట్టుకుని చాలామంది అటునుంచి అటే తిరిగొచ్చేస్తారు. పక్కనున్న సోమేశ్వరాలయం చూసినవాళ్ళకు తెలుసు. దాంట్లో ఒక భాగం జక్కణాచారి చెక్కాడని, ఇంకో భాగం ఆయన కొడుకు డంకణాచారి చెక్కాడని మన పెద్దలు చెబుతారు. కథ నిజమో కాదో గానీ రెండు చేతుల పనితనం కంటికి తేడాగా కనిపిస్తుంది. మన జిల్లాలోనే మాలూరు తాలూకా శివారపట్నంలో ఇవాళ్టికీ ఊరు ఊరంతా రాతి విగ్రహాలు చెక్కుతారు. కంప్యూటరులో బొమ్మ చేసేవాడి పని దీనికి చానా దగ్గర. ముందు తీగల వల లాగ ఆకారం అల్లుతాడు. ఆ వల మీద తోలు తొడిగినట్టు రంగు, గరుకుతనం అద్దుతాడు. మనిషో జంతువో అయితే లోపల ఎముకల గూడు పెడతాడు, అది కదిలితే పైది కదులుతుంది. దగ్గర నుంచి చూసేందుకు ఒక బొమ్మ, దూరం నుంచి చూసేందుకు తక్కువ గీతలతో అదే బొమ్మ ఇంకొకటి చేస్తాడు, లేకపోతే యంత్రం మోయలేదు. ఇంత చేసి పేరు ఎక్కడో ఆట చివర వేలాది పేర్ల మధ్య పరిగెత్తిపోతుంది.

ఇంకొక పని ఉంది. అది నా మనసుకు దగ్గరైంది. పరీక్షించే పని. ఒక తలుపు తెరవాలి, మూయాలి, పరిగెత్తుకుంటూ తెరవాలి, కారుతో గుద్ది తెరవాలి, రాత్రి తెరవాలి, వానలో తెరవాలి. వందసార్లలో ఒకసారి మనిషి తలుపులో ఇరుక్కుపోతాడు. ఎప్పుడు, ఏ వరసలో ఏం చేస్తే అలా అయింది, జరగాల్సింది ఏమిటి, జరిగింది ఏమిటి అని రాసి పంపాలి. సరిచేశాక మళ్ళీ మొదటి నుంచి చూడాలి, ఎందుకంటే ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. కంప్యూటర్లు రాకముందు మా బ్రాంచిలో లెడ్జర్లు తాళె చూసే రోజుల్లో ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చునేవాళ్ళం. అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదితో భాగమవుతుందని మా హెడ్ క్లర్కు నేర్పించాడు. ఆ ఓపిక ఉన్నవాళ్ళకు ఇక్కడ కూలి ఉంది. దీన్ని ఆడుకోవడం అంటే నేను ఒప్పుకోను. ఒక్క తలుపును నెల రోజులు తెరిచినవాడికి అది ఆట కాదు.

ఇదంతా సముద్రాలవతల సంగతి అనుకుంటున్నారేమో. ఇక్కడ బస్సెక్కితే వంద కిలోమీటర్లు లేదు. ఆ మొదటి ఆట స్కాట్లండులో వచ్చిన 1997లోనే బెంగళూరులో రాజేశ్ రావు అనే ఆయన ధ్రువ ఇంటరాక్టివ్ అని కంపెనీ పెట్టాడు. మన దేశంలో గేములు చేసే మొదటి కంపెనీల్లో అది ఒకటి. బయటి దేశాల పెద్ద ఆటలకు కార్లు, వస్తువులు, పరిసరాలు చేసిపెట్టేది. ఫోర్జా అనే కార్ల పందెం ఆటలో వీళ్ళ చేతిపని ఉంది. 2016లో స్వీడన్ కంపెనీ ఒకటి దాన్ని కొనుక్కుంది. 2019లో ఆ కంపెనీ కష్టాల్లో పడి అమ్మేస్తే 79 లక్షల డాలర్లకు కొన్నది ఈ రాక్‌స్టారే. అప్పటికే రాక్‌స్టార్‌కు బెంగళూరులో సొంత కార్యాలయం ఉంది. 2018లో వచ్చిన వాళ్ళ రెడ్ డెడ్ రెడెంప్షన్ 2 అనే ఆటలో కూడా బెంగళూరు వాళ్ళు పనిచేశారు. ఎడిన్‌బరో, న్యూయార్కు, బెంగళూరు అన్నీ ఒకే ఆట మీద పనిచేస్తాయి. కర్ణాటక ప్రభుత్వం యానిమేషనుకు, గేమింగుకు ప్రత్యేక విధానం తెచ్చింది 2012లో. అంటే పదేళ్ళ పైగా మన రాజధానిలో జరుగుతున్న పని మీద, ముళబాగిలులో కూర్చుని నేను నవ్వాను.

అయితే నేను ఒక వైపే చెబితే మోసం చేసినట్టు. తల్లిదండ్రులు ఇది కూడా వినాలి.

మొదటిది, ఈ ఆట పిల్లలది కాదు. అయిదో భాగం మీద అమెరికాలో పదిహేడు, యూరపులో పద్దెనిమిది ఏళ్ళు దాటాలని ముద్ర ఉంది. దొంగతనాలు, కాల్పులు, బూతులు అందులో ఉన్నాయి. ఆరో భాగంలో కథ కూడా నేరాలు చేసే ఒక జంటదే. చేసేవాళ్ళ పనితనాన్ని మెచ్చుకోవడం వేరు, ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతికి ఇవ్వడం వేరు. పైగా దీనికోసం ప్లేస్టేషన్ 5 లాంటి యంత్రం కావాలి. 2021లో మన దేశంలోకి వచ్చినప్పుడే దాని ధర 49,990 రూపాయలు. పక్కింటివాళ్ళు కొన్నారని అప్పు చేయకండి.

రెండవది, డబ్బులు పందెం పెట్టే ఫోను ఆటలను దీనితో కలపకండి. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. "గేమింగులో సంపాదిస్తా" అని మీ అబ్బాయి అంటే తయారుచేసి సంపాదిస్తానంటున్నాడా, పందెం కాసి సంపాదిస్తానంటున్నాడా అని అడగండి.

మూడవది, పని సుఖమైంది కాదు. 2018లో రాక్‌స్టార్ వ్యవస్థాపకుల్లో ఒకడైన డాన్ హౌజరే వారానికి వంద గంటలు పనిచేశామని చెప్పి గొడవ తెచ్చుకున్నాడు, అది కథ రాసే నలుగురైదుగురి సంగతేనని తర్వాత వివరణ ఇచ్చాడు. 2025 అక్టోబరు చివర బ్రిటన్లో, కెనడాలో ముప్పై మందికి పైగా ఉద్యోగులను తీసేశారు. యూనియన్ పెట్టుకున్నందుకే అని కార్మికులు, రహస్యాలు బయటపెట్టినందుకని కంపెనీ. నేను ముప్పై ఏళ్ళు యూనియన్ చందా కట్టినవాణ్ణి, నా మనసు ఎటుందో మీకు చెప్పక్కర్లేదు. కానీ తీర్పు చెప్పడానికి నేనెవర్ని.

పిల్లలకు ఇంకొకటి. 2022 సెప్టెంబరులో ఈ ఆట తయారీలో ఉండగానే దాని వీడియోలు తొంభై దాకా దొంగిలించి బయటపెట్టారు. చేసింది పద్దెనిమిదేళ్ళు కూడా సరిగా నిండని కుర్రాడు, ఇంగ్లండులో. పోలీసు బెయిలు మీద ఒక హోటల్లో పెడితే అక్కడి టీవీకి ఒక చిన్న పరికరం తగిలించి, ఫోనుతో ఆ పని చేశాడని కోర్టులో చెప్పారు. విచారణకు నిలబడే ఆరోగ్య స్థితి లేదని వైద్యులు తేల్చారు. 2023 డిసెంబరులో గడువు లేకుండా భద్రత ఉన్న ఆసుపత్రిలో ఉంచమని జడ్జి ఆదేశించారు. ఆ పిల్లవాడి తల్లి గురించి నేను చాలాసేపు ఆలోచించాను.

ఇక ఆ దరఖాస్తు. ఆరోది వాయిదా పడిందని మనవడు ఫోన్ చేసిన వారానికి మండీకి పోయి ఆ తండ్రి కోసం వాకబు చేశాను. క్రేట్లు దించుతూ కనిపించాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు, ట్రస్టువాళ్ళు ఎందుకొచ్చారో అని. "అబ్బోడు ఏం చేస్తున్నాడప్పా?" అన్నాను. చెప్పాడు. మనం కాదన్నాక బెంగళూరులో ఒక ప్రైవేటు సంస్థకు పోయారు. పేరెందుకులెండి. గేమ్ డిజైన్ కోర్సు, అయిదు లక్షలు, నూటికి నూరుపాళ్ళు ఉద్యోగం అన్నారు. సీటు పట్టి ఉంచడానికి ఇరవై వేలు కట్టించుకున్నారు. ఆ ఇరవై వేలు మండీ యజమాని దగ్గర తెచ్చిన చేబదులు. తర్వాత బ్యాంకుకు పోతే ఆ కోర్సుకు ఏ విశ్వవిద్యాలయం గుర్తింపూ లేదు, విద్యారుణం రాదు అన్నారు. ఇరవై వేలు వెనక్కి అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు.

కమిటీలో మేము ఆ అబ్బాయిని పిలిచి పది నిమిషాలు మాట్లాడి ఉంటే, "ఆ కోర్సుకు గుర్తింపు ఉందా?" అని అడిగి ఉంటే ఆ ఇరవై వేలు మిగిలేవి. నేను నవ్విన నవ్వు ఖరీదు అది. మా ఇంట్లో కూడా ఇదే చెప్పాను.

కాబట్టి లెక్క వినండి. అయిదు లక్షలు పన్నెండు శాతం వడ్డీకి అయిదేళ్ళకు తీసుకుంటే నెల కంతు 11,122 రూపాయలు. మొత్తం కట్టేది 6,67,320. చదువుకునే కాలంలో చేరే వడ్డీ దీనికి అదనం. కొత్తగా చేరినవాడి జీతంలోంచి బెంగళూరు గది అద్దె, తిండి పోగా ఈ కంతు మిగులుతుందా అని కాగితం మీద వేసుకోండి. బ్యాంకుల విద్యారుణ పథకంలో నాలుగు లక్షల వరకు తాకట్టు అడగరు. ప్రభుత్వ హామీ పథకం కింద ఏడున్నర లక్షల వరకు కూడా తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. కానీ దేనికైనా కోర్సుకు, సంస్థకు గుర్తింపు ఉండాలి. సంస్థవాళ్ళు "టై అప్ ఉంది" అంటే ఏ విశ్వవిద్యాలయంతో, ఆ డిగ్రీ కాగితం మీద ఎవరి ముద్ర ఉంటుంది అని అడగండి. ఉద్యోగాలు వచ్చాయంటే ఎవరికి, ఏ కంపెనీలో, ఏ పనిలో అని అడగండి. గోడ మీది ఫోటోలు జవాబు కాదు.

దారులు వేరేవి కూడా ఉన్నాయి. బీసీఏ, కంప్యూటర్ సైన్సు చదివి ప్రోగ్రామింగు వైపు పోవచ్చు. బొమ్మ చేతిలో ఉంటే మైసూరులో ప్రభుత్వ చామరాజేంద్ర దృశ్యకళా కళాశాల ఉంది. డిగ్రీ అయ్యాక బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డిజిటల్ గేమ్ డిజైన్ అనే పీజీ చదువే ఉంది, ప్రవేశపరీక్ష గట్టిది. బొమ్మలు చేసే బ్లెండర్, ఆట కట్టే గోడో అనే సాఫ్ట్‌వేర్లు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఈ రంగంలో మార్కుల కార్డుతో పాటు నువ్వు చేసిన పని చూపించమంటారు. అది ఇంట్లో కూర్చుని మొదలుపెట్టవచ్చు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఇక్కడే బీసీఏలో చేరాడు. మా ఇంట్లో మనవడు వదిలేసిన పాత కంప్యూటరు ఒకటి ఉంటే ఆదివారాలు వచ్చి దాని మీద పనిచేసుకుంటున్నాడు. కురుడుమలె గుడిలో ఒక స్తంభం చేస్తానన్నాడు. ఇద్దరం టేపు తీసుకుని పోయాం. అతను కొలతలు చెబుతుంటే నేను రాశాను. పూజారిగారు మమ్మల్ని పురాతత్వ శాఖవాళ్ళనుకున్నారు. స్తంభం ఇంకా పూర్తి కాలేదు. ఎప్పుడవుతుంది అంటే "ఇంకా మెరుగు పెట్టాలి సార్" అన్నాడు.

ఈ సంవత్సరం అతను మళ్ళీ దరఖాస్తు పెట్టుకున్నాడు. నాకు తెలిసినవాడు కాబట్టి ఆ కాగితం వచ్చినప్పుడు నేను కమిటీ గదిలోంచి బయటికి వచ్చి కూర్చున్నాను. ఏం తేల్చారో కాసేపట్లో పేర్లు పిలిచేటప్పుడు మీతో పాటే నాకూ తెలుస్తుంది. ఒకటి మాత్రం కమిటీ చేత ఒప్పించాను. ఇకమీదట ఏ కోర్సు రాసినా సరే, పిలిచి మాట్లాడకుండా ఏ దరఖాస్తునూ పక్కన పెట్టరు.

సభ అయ్యాక గేటు దగ్గర వేపచెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుంటాను. కోర్సు కాగితాలు, ఫీజు రసీదులు, బ్యాంకు ఫారాలు ఏవున్నా తీసుకురండి, చదివి పెడతాను. ముఖ్యంగా సంతకం పెట్టకముందు తీసుకురండి. వెనకవైపు చిన్న అక్షరాల కోసం భూతద్దం కూడా తెచ్చుకున్నాను. భోజనాలయ్యే దాకా అక్కడే ఉంటాను.